బోర్డు గేమ్ పెట్టె సర్దుకునే పద్ధతి: ముక్కలు విప్పడం నుంచి వర్షాకాలం దాటించడం దాకా

ఆదివారం సాయంత్రం నలుగురు ఇంటికొచ్చారు. టీలు అయ్యాయి. "ఏదైనా ఆడదాం" అన్నారు. అలమరలోంచి పెట్టె తీసి మూత తెరిస్తే నాలుగు రంగుల కాయలు, రెండు రకాల కార్డులు, పాచికలు, టోకెన్లు అన్నీ ఒకే కుప్ప. వాటిని వేరు చేసేసరికి అరగంట పట్టింది. ఈలోగా ఒకరు ఫోన్ తీశారు, ఇంకొకరు "మరోసారి ఆడదాంలే" అని లేచారు. మొగల్రాజపురంలో మా ఇంట్లో ఇది జరిగాకే పెట్టెలు సర్దే పని గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గర 40 దాకా ఆటలున్నాయి. ఏ పెట్టె తీసినా ఐదు నిమిషాల్లో ఆట మొదలవుతుంది.

ఈ పని మొత్తానికి ఆ ఐదు నిమిషాలే నా కొలత. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తోచనప్పుడల్లా ఒక్కటే అడుగుతాను: వచ్చే ఆదివారం మూత తీసినవాళ్ళకి ఇది ఎప్పుడు కావాలి? ముందు కావలసింది పైన, ఆఖర్న కావలసింది అడుగున. రంగు, ఆకారం, సైజు అన్నీ దాని తరవాతే. పైగా మనం ఉండేది బెజవాడ. వర్షాకాలం చెమ్మ, మే నెల ఎండ రెండూ అట్టకి పడవు. అందుకే వాటి గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

మొదటి అడుగు: కొత్త పెట్టె తెరవడం

ముందు ఫ్యాన్ ఆపండి. చిన్నమాటలా ఉంటుంది గానీ, కార్డుల కట్ట విప్పగానే ఫ్యాన్ గాలికి నాలుగు సోఫా కిందికి పోతే లెక్క అక్కడే తప్పుతుంది. నేల మీద గానీ బల్ల మీద గానీ తెల్ల దుప్పటి పరవండి. దాని మీద చెక్క కాయలు దొర్లిపోవు, చిన్న టోకెన్ పడినా కంటికి ఆనుతుంది. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకోండి. తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజు కొత్త కార్డులు ముట్టుకోకపోవడమే మంచిది, ఎంత కడిగినా వేళ్ళకి జిడ్డు మిగులుతుంది.

తరవాత రూల్ బుక్‌లో వస్తువుల జాబితా ఉన్న పేజీ తీసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. చాలామంది వదిలేసే పని ఇదే. ఉదాహరణకి కాటాన్ అనే ఆట చూడండి. భూమి పలకలు 19, అంకెల టోకెన్లు 18, వనరుల కార్డులు ఐదు రకాలు, రకానికి 19 లెక్కన 95, డెవలప్‌మెంట్ కార్డులు 25. ఒక్కో రంగులో ఇళ్ళు 5, నగరాలు 4, రోడ్లు 15, అంటే మనిషికి 24 కాయలు. టికెట్ టు రైడ్‌లో రైలు పెట్టెలు 240, రంగుకి 45 ఆడటానికి, 3 అదనం. ఆ అదనపు మూడు ఉన్న సంగతి తెలియకపోతే ఒకరి దగ్గర 48 ఉండిపోయి ఆట అన్యాయంగా సాగుతుంది. వాటిని మొదటి రోజే వేరే కవర్లో వేసి, "అదనం" అని రాసి అడుగున పెట్టేయండి.

ఏదైనా తగ్గితే అదే వారం ప్రచురణ సంస్థకి రాయండి. చాలా సంస్థలు విడిభాగాల కోసం అడిగేందుకు ఒక దారి ఉంచుతాయి. పెట్టె ఫొటో, బిల్లు, తగ్గిన ముక్క పేరు పంపితే సరిపోతుంది. ఏడాది ఆడాక "మొదటి నుంచీ లేదు" అంటే మనకే నమ్మకం ఉండదు.

రెండో అడుగు: పంచ్ బోర్డులోంచి ముక్కలు విప్పడం

అట్టపలకల్లో అచ్చుతో కోసి ఉంచిన టోకెన్లని గోరుతో లాగకండి. పలకని రెండు చేతులా పట్టుకుని, ముక్క మధ్యలో బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. మూడు వైపులా ఊడి ఒక మూల పట్టుకుని ఉంటే అక్కడ ఆగాలి. ఇంకా నొక్కితే పైన అచ్చు కాగితం పట్టీలా లేచిపోతుంది. పలక తిరగేసి, ఆ మూల కట్టర్ బ్లేడుతో ఒక్క గీత గీస్తే ముక్క శుభ్రంగా వస్తుంది. అప్పటికే కాగితం కొంచెం లేచిపోయి ఉంటే పుల్ల చివర చుక్క ఫెవికోల్ పెట్టి అంటించి, పది నిమిషాలు పుస్తకం కింద ఉంచండి.

అంచుల నుంచి రాలిన అట్టపొడిని మెత్తటి బ్రష్షుతో దులపాలి. లేకపోతే అది కార్డుల మధ్య చేరుతుంది. ఖాళీ అయిన పంచ్ బోర్డులని వెంటనే చెత్తలో వేయకండి. ప్రతి కన్నమూ చూసి ముక్కలన్నీ లెక్కకొచ్చాయని తేల్చుకున్నాక, అవే బోర్డులని లోపలి ట్రే కింద వేస్తే ట్రే ఎత్తు పెరిగి, మూత పెట్టినప్పుడు ఖాళీ ఉండదు, ముక్కలు కదలవు.

ప్లాస్టిక్ బొమ్మలు వంకరగా వచ్చుంటే బాగా మరిగించి దించిన నీళ్ళలో అర నిమిషం ముంచి, పట్టకారుతో తీసి, సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెట్టండి. కత్తులు, బల్లేలు పట్టుకున్న బొమ్మలకి ఇది దాదాపు ప్రతిసారీ పనిచేస్తుంది. వేడినీళ్ళ పని పిల్లలకి అప్పగించకండి.

మూడో అడుగు: ఎవరికి, ఎప్పుడు కావాలో చూసి విభజించడం

అసలు పని ఇదే. తొందరపడకుండా ఒక సాయంత్రం కేటాయించండి. ముక్కలన్నీ దుప్పటి మీద పరిచి, మూడు కుప్పలు చేయండి.

మొదటిది మనిషికి ఇచ్చేది. ఆట మొదట్లో ఒక్కో ఆటగాడు తన ముందు పెట్టుకునేవన్నీ ఒకే కవర్లో వెళ్ళాలి. కాటాన్‌లో ఎర్ర కవరు అంటే 5 ఇళ్ళు, 4 నగరాలు, 15 రోడ్లు, ఖర్చుల పట్టిక కార్డు. ఇళ్ళన్నీ ఒక చోట, రోడ్లన్నీ ఒక చోట పెట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆడే రోజు నాలుగు డబ్బాలు చేతులు మారుతూ తిరగాలి. మనిషికో కవరు అందిస్తే మీరు బోర్డు పరిచేలోపు వాళ్ళ ఏర్పాటు వాళ్ళే చేసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా చేతిలో ఏదో పని ఉంటుంది, ఊరికే కూర్చున్నామన్న ఇబ్బంది ఉండదు.

రెండోది అందరికీ ఉమ్మడిగా ఉండేది. బ్యాంకు డబ్బు, వనరులు, తీసుకునే కార్డుల కట్టలు. వీటికి రంగుల వారీ విభజన సరిపోతుంది. పాండెమిక్‌లో రోగాల ఘనాలు 96, నాలుగు రంగులు, రంగుకి 24. అవి ఏ ఒక్కరివీ కావు, ఊళ్ళ మీద పెట్టేవి. అక్కడ రంగుకో డబ్బా పెట్టి, ఆ డబ్బాలనే మూత తీసి బల్ల మీద ఉంచితే చాలు, కవర్లోంచి గిన్నెలోకి పోసే పనే ఉండదు. స్ప్లెండర్‌లో రత్నాల చిప్స్ ఐదు రకాలు 7 చొప్పున, బంగారం 5, మొత్తం 40. అవీ అంతే.

మూడోది ఏ పదిసార్లకో ఒకసారి వాడేది. కొత్తవాళ్ళకి వాడని అదనపు నియమాల కార్డులు, ఎక్స్‌పాన్షన్ (మూల ఆటకి విడిగా కొని కలుపుకునే భాగం) ముక్కలు. ఇవి అడుగుకి వెళ్ళాలి. ఎక్స్‌పాన్షన్‌ని మూల ఆటలో కలిపేసే ముందు రెండుసార్లు ఆలోచించండి. కలపడం ఒక నిమిషం పని, విడదీయాలంటే రూల్ బుక్ పట్టుకుని గంట కూర్చోవాలి. కలపాల్సిందే అంటే ఎక్స్‌పాన్షన్ కార్డుల వెనక ఏ గుర్తూ పెట్టకుండా, వాటి పేర్ల జాబితా ఒక కాగితం మీద రాసుకుని పెట్టెలోనే ఉంచండి. వెనక గుర్తు పెడితే ఆడేటప్పుడు ఎదుటివాళ్ళకి కార్డు తెలిసిపోతుంది.

కొన్ని ఆటలకి ఇంత విభజన అక్కర్లేదు. అజూల్‌లో 100 పలకలూ సంచిలోంచి తీయాల్సినవే కాబట్టి సంచిలోనే ఉండనివ్వండి. కార్కసోన్‌లో 72 పలకలకీ ఒక గుడ్డసంచి చాలు. మొదట పెట్టే పలక మాత్రం వేరుగా, కాయల కవర్లో ఉంచండి. స్క్రాబుల్ అక్షరాలు కూడా సంచిలోవే. అయితే సంచిలో వేసే ముందు 5 వరసలు, వరసకి 5 చొప్పున పేర్చి నాలుగు చదరాలు చేయండి. 25 నాలుగుసార్లు, 100. ఒక్కటి తగ్గినా నాలుగో చదరంలో గుంట కనబడుతుంది. లెక్కపెట్టాల్సిన పని లేదు, కళ్ళే చెబుతాయి.

నాలుగో అడుగు: కవర్లు, డబ్బాలు

జిప్ లాక్ కవర్లు అన్నిటికన్నా చవక, చోటు తక్కువ పడుతుంది. ఏలూరు రోడ్డు స్టేషనరీ కొట్లలో, వన్ టౌన్ హోల్‌సేల్ వీధుల్లో వందేసి కట్టలుగా దొరుకుతాయి. పల్చటివి నెలలో చిరుగుతాయి కాబట్టి మందంగా ఉన్నవి అడగండి. మూల దగ్గర సూదితో ఒక చిన్న కన్నం పెడితే లోపలి గాలి బయటికి పోయి కవరు ఉబ్బకుండా మూత సరిగా కూర్చుంటుంది.

డబ్బాలకి ప్రత్యేకంగా ఆటల కోసం చేసినవే కొనక్కర్లేదు. పూసలు, బటన్లు వేసుకునే గదుల డబ్బా చిన్న టోకెన్లకి చక్కగా సరిపోతుంది. గదుల మధ్య గోడలు మూతకి ఆనేంత ఎత్తు ఉన్నాయో లేదో కొట్లోనే చూసుకోండి. ఏ గదిలోనైనా నాలుగు గింజలు వేసి డబ్బాని తలకిందులు చేసి ఊపితే తెలిసిపోతుంది. ఆడేటప్పుడు బల్ల మీద పెట్టుకోవడానికి మాత్రం నాకు పోపుల డబ్బాని మించింది కనబడలేదు. ఏడు చిన్న గిన్నెలు, ఒక్కొక్కటీ విడిగా తీసి ఎవరి దగ్గరికైనా జరపొచ్చు, అడుగు గుండ్రంగా ఉండి వేలికి ఆఖరి టోకెన్ కూడా అందుతుంది. వంటింట్లో వాడింది వద్దు, పసుపు, ఇంగువ వాసన ఎంత తోమినా పోదు. ఆటలకని ఒకటి విడిగా కొనండి.

ఐదో అడుగు: కార్డులు

రబ్బరు బ్యాండు వేయకండి. ఇది నేను నష్టపోయి చెబుతున్న మాట. ఒక వేసవి ముందు రెండు కట్టలకి రబ్బరు బ్యాండ్లు వేసి బీరువాలో పెట్టాను. జూన్‌లో తీస్తే బ్యాండు కరిగి, జిగురులా పైకార్డుకీ కింది కార్డుకీ అంటుకుపోయింది. లాగితే రంగుతో సహా వచ్చింది. మధ్య కార్డులకి రెండు అంచుల్లోనూ నొక్కు పడింది. ఆ నొక్కు ఉన్న కార్డుల్ని కలిపితే ఎక్కడున్నాయో వేలికి తెలిసిపోతుంది, ఇక ఆ కట్ట ఆటకి పనికిరాదు.

దానికి బదులు బ్యాంకుల్లో నోట్ల కట్టకి వేసే కాగితం పట్టీ వేయండి. కాస్త మందమైన కాగితాన్ని రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున కోసి, కట్ట చుట్టూ తిప్పి, చూపుడువేలి గోరు దూరేంత వదులు ఉంచి, కాగితం మీద కాగితానికే టేపు వేయండి. టేపు కార్డుకి తగలకూడదు. పట్టీ మీద ఆ కట్ట పేరు, ఎన్ని కార్డులో రాయండి. ఆడేటప్పుడు పట్టీని గొట్టంలా జార్చి తీసి, అయిపోయాక మళ్ళీ ఎక్కించొచ్చు. మోనోపలీ నోట్లకీ, 28 ఆస్తి పత్రాలకీ ఇదే పద్ధతి.

ఇక స్లీవ్స్, అంటే ఒక్కో కార్డుకి తొడిగే పల్చటి ప్లాస్టిక్ తొడుగులు. ప్రతి ఆటకీ అవసరం లేదు. చేతిలో పట్టుకుని తరచూ కలిపే కార్డులకి, మళ్ళీ దొరకని ఆటలకి వేయండి. బల్ల మీద పరిచి ఉంచేవాటికి వద్దు. కొనేముందు స్కేలుతో కార్డు కొలవండి. ఎక్కువగా కనబడే సైజు 63.5 × 88 మిల్లీమీటర్లు. యూరప్ ఆటల్లో 59 × 92, చిన్న కార్డులైతే 44 × 68 కూడా ఉంటాయి. కవరు మీద పాలీప్రొపిలీన్ అని ఉందా చూడండి. పీవీసీ వద్దు, అది మెత్తబడటానికి కలిపిన పదార్థం కాలక్రమంలో బయటికొచ్చి కార్డుకి అంటుకుంటుంది.

స్లీవ్ వేస్తే కట్ట ఎంత పెరుగుతుందో ముందే లెక్కేసుకోండి. కార్డు మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే 120 కార్డులు 36 మిల్లీమీటర్లు. 100 మైక్రాన్ల స్లీవ్‌కి రెండు వైపులా కలిపి కార్డుకి 0.2 పెరుగుతుంది, అంటే 24 మిల్లీమీటర్లు ఎక్కువ, మొత్తం 60. పెట్టెతో వచ్చిన ట్రే గదిలో అది పట్టదు. 40 మైక్రాన్లవైతే పెరిగేది పది మిల్లీమీటర్లలోపే. రోజూ ఆడే ఆట కాకపోతే నేను పల్చటివే వేస్తాను.

ఆరో అడుగు: ఫోమ్ బోర్డుతో ట్రే, చేతనైతే

ఇది అందరూ చేయాల్సిన పని కాదు. కవర్లతోనే ఐదు నిమిషాల్లో ఆట పరచగలిగితే అక్కడితో ఆగొచ్చు. ఎక్కువ ముక్కలున్న పెద్ద ఆటకి మాత్రం ట్రే చేసుకుంటే ఫలితం బాగా కనబడుతుంది.

రెండు వైపులా కాగితం అంటించి మధ్యలో నురగ ఉన్న 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు తీసుకోండి. పెట్టె లోపలి పొడవు, వెడల్పు, లోతు కొలవండి. లోతులోంచి మడతపెట్టిన బోర్డు, రూల్ బుక్ మందం తీసేయాలి, ఎందుకంటే అవి ట్రే మీద పడుకుంటాయి. ప్రతి గోడా 5 మిల్లీమీటర్లు తింటుందని మరవకండి. మూడు గదులు పక్కపక్కన కావాలంటే నాలుగు గోడలు, 20 మిల్లీమీటర్లు పోయినట్టే. కార్డుల గదికి కార్డు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఇవ్వండి. ముందు పాత న్యూస్ పేపర్ మీద అసలు సైజులో గీసి, దాని మీద ముక్కలు పెట్టి చూసుకోండి. బోర్డు కోశాక దిద్దుకోలేం.

కోసేటప్పుడు స్టీలు స్కేలు ఆనించి మూడుసార్లు గీయండి. మొదటిసారి పై కాగితం, రెండోసారి నురగ, మూడోసారి కింది కాగితం. ఒకే దెబ్బకి కోయబోతే నురగ పళ్ళు పళ్ళుగా చిరుగుతుంది. బ్లేడు కొన మొద్దుబారగానే విరిచి కొత్త కొనకి వెళ్ళండి. అంటించడానికి ఫెవికోల్ పెట్టి, గుండుసూదులు గుచ్చి, రాత్రంతా వదిలేయండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు, లోపలి నురగని తినేస్తుంది. కార్డుల గది ముందుగోడకి 10 రూపాయల నాణెం పెట్టి సగం చుట్టూ గీసి కోస్తే, వేలు దూరి కట్ట ఎత్తడానికి వీలుగా ఉంటుంది. ఆ నాణెం 27 మిల్లీమీటర్లు, సరిగ్గా బొటనవేలికి సరిపోయేంత.

ఏడో అడుగు: మూత లోపల ఒక కాగితం

మూత లోపలివైపు సగం ఏ ఫోర్ కాగితం అంటించండి. దాని మీద మూడు విషయాలు: ఏ కవర్లో ఏమున్నాయి, ఎన్ని ఉన్నాయి, పెట్టెలో ఏ వరసలో పెట్టాలి. సర్దిన పెట్టెని పైనుంచి తీసిన ఫొటో ప్రింట్ ఉంటే ఇంకా మంచిది. మీరు లేనప్పుడు కూడా ఇంట్లోవాళ్ళు ఆడి, సరిగ్గా తిరిగి పెట్టగలగాలి. పోయిన దసరా సెలవుల్లో మా అక్క కూతురు కాటాన్ సర్దుతూ పిలిచింది.

"మావయ్యా, ఎర్ర ఇళ్ళు ఐదు అని రాసుంది. నాలుగే ఉన్నాయి."

"సోఫా కింద చూశావా?"

"చూశాను. పక్కనే రాయనా, ఒకటి లేదని?"

పెన్సిల్‌తో తేదీ వేసి "ఎర్ర ఇల్లు 1 లేదు" అని రాసింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ లోటు పట్టుకోగలిగిందంటే, అది ఆ కాగితం వల్లే.

ఎనిమిదో అడుగు: అలమరలో పెట్టడం

పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అన్నది పెట్టె లోపలి సర్దుబాటుని బట్టి ఉంటుంది. ముక్కలన్నీ కవర్లలో, మూతలున్న డబ్బాల్లో బిగుతుగా ఉంటే పుస్తకాల్లా నిలబెట్టొచ్చు. ఏది కావాలన్నా పక్కవి కదలకుండా తీయొచ్చు, అడుగు పెట్టె నలగదు. గదుల ట్రేలో మూత లేకుండా ముక్కలుంటే పడుకోబెట్టాల్సిందే. ఒకదాని మీద ఒకటి నాలుగుకి మించి పేర్చకండి. బరువైనవి, పెద్దవి కిందికి.

మూత ఊడకుండా ఉండటానికి గుడ్డ ఎలాస్టిక్ వాడండి. టైలరింగ్ సామాన్ల కొట్లో అంగుళం వెడల్పుది మీటర్ల లెక్కన అమ్ముతారు. పెట్టె చుట్టుకొలత కొలిచి, అందులో ఏడో వంతు తగ్గించి కోసి, చివరలు కలిపి కుట్టించండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల లోతు పెట్టెకి చుట్టుకొలత 74, ఎలాస్టిక్ 63 సెంటీమీటర్లు. ఇంకా బిగిస్తే పెట్టె అంచులు లోపలికి వంగుతాయి. పెట్టె మూల చిరిగితే లోపలి వైపు పల్చటి కాటన్ గుడ్డ పట్టీ ఫెవికోల్‌తో అంటించి, బట్టల క్లిప్పు పెట్టి ఆరనివ్వండి. బయట సెల్లో టేపు వేస్తే ఏడాదికి పసుపుబారి, తీస్తే బొమ్మతో సహా లేస్తుంది.

తేమ, ఎండ, పురుగు

జూన్ నుంచి నవంబరు దాకా మన దగ్గర గాలిలో తడి ఎక్కువే. ముందు నైరుతి వానలు, తరవాత అక్టోబరు, నవంబరు తుఫాన్లు. బోర్డు వంగడానికి కారణం ఇదే. అట్టకి పైన అచ్చు కాగితం, కింద వేరే కాగితం ఉంటాయి. రెండూ తడిని ఒకేలా పీల్చుకోవు, ఎక్కువ పీల్చిన వైపు సాగుతుంది, బోర్డు విల్లులా లేస్తుంది. వంగిన బోర్డుని ఎండలో పెట్టకండి. రెండు తెల్ల కాగితాల మధ్య ఉంచి, చదునైన బల్ల మీద, బరువైన పుస్తకాలు పేర్చి నాలుగైదు రోజులు వదిలేయండి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు తెల్ల పొణికి కర్రని ముందు సెగ మీద ఆరబెట్టి తడి పోగొట్టాకే చెక్కడం మొదలుపెడతారు. చెక్కకైనా అట్టకైనా తడి తెచ్చే కష్టం ఒకటే.

తేమ ఎంతుందో చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి అలమరలో పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బోర్డులకి హాయి. 65 దాటి రోజుల తరబడి ఉంటే ఏదో ఒకటి చేయాలి. సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అట్టపెట్టెకి గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి పొట్లం రెండు మూడు వారాల్లో నిండిపోయి ఊరుకుంటుంది. సిలికా జెల్ పనిచేయాలంటే మూత బిగుసుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కావాలి. విలువైన ఆటలు నాలుగైదు ఆ టబ్బులో పెట్టి, గుడ్డ సంచిలో వంద, రెండు వందల గ్రాముల జెల్ వేసి మూయండి. రంగు మారే గింజల్లో నారింజ రంగువి తీసుకోండి, తడి పీల్చాక ఆకుపచ్చకి మారతాయి. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు.

అలమర గోడకి ఆనించకండి, నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. గోడ అవతల బాత్రూం ఉంటే ఆ గోడే వద్దు.

వేసవిలో సమస్య వేరు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అన్న ఊళ్ళో ఆటల్ని అటక మీద పెట్టకూడదు. పై అంతస్తులో అటక శ్లాబుకి దగ్గరగా ఉంటుంది, మధ్యాహ్నం వేడంతా అక్కడే. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేసినా అంతే, ప్లాస్టిక్ బొమ్మలు వంగిపోతాయి, స్లీవ్స్ ముడుచుకుంటాయి. కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టె వీపు రంగు ఏడాదిలో వెలిసిపోతుంది.

పురుగుల్లో ముఖ్యంగా సిల్వర్ ఫిష్. జిగురు, కాగితం దానికి ఆహారం, చెమ్మ దానికి ఇల్లు. తేమ తగ్గిస్తే సగం సమస్య తీరుతుంది. కలరా ఉండలు పెట్టెలో వేయకండి. వాసన కార్డులకి పట్టి వదలదు, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ఆట మధ్యలో మిరపకాయ బజ్జీలు, పునుగులు తింటే చీమలు ఖాయం. తిండి ఆటకి ముందో తరవాతో పెట్టుకోండి, ఆఖర్న బల్ల తుడిచాకే ముక్కలు కవర్లో వేయండి.

కింది అర ఖాళీగా ఉంచండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఆ పక్కనే ఉండే మా మిత్రుడి ఇంట్లో కింది రెండు అరల్లోని పెట్టెలు ముద్దయిపోయాయి. బోర్డులు, కార్డులు పారేయక తప్పలేదు. అలాంటి మురికి నీళ్ళు తగిలిన అట్ట ఎండినా దాచుకోవడం మంచిది కాదు, బూజు పక్క పెట్టెలకీ పాకుతుంది. చెక్క కాయల్ని, ప్లాస్టిక్‌ని మాత్రం సబ్బునీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, సంచుల్లో కట్టి ఇచ్చాను. ఆ ఆటలు మళ్ళీ కొన్నప్పుడు అవే అదనపు కాయలయ్యాయి.

మన ఆటలకి కూడా

వామనగుంటల పీట, అష్టాచెమ్మా గుడ్డ, పులి-మేక బోర్డు ఉన్నవాళ్ళు వాటినీ ఇదే శ్రద్ధతో చూసుకోవాలి. పులి-మేకకి 3 పులులు, 15 మేకలు. 18 కాయలు ఒక చిన్న గుడ్డసంచిలో, సంచి బోర్డుకే కట్టి ఉంచండి. అష్టాచెమ్మా గవ్వలు నాలుగూ ఒకే సైజువి ఏరి, కుంకుమ భరిణెలాంటి మూత బిగుతైన డబ్బాలో పెట్టండి. వామనగుంటలకి 14 గుంటలు, గుంటకి 4 చింతపిక్కలు వేసే ఇంట్లో 56, 5 వేసే ఇంట్లో 70. ఒక పది అదనంగా ఉంచండి. కొత్త పిక్కల్ని కడిగి, రెండు రోజులు గట్టి ఎండలో పెట్టాకే డబ్బాలో పోయాలి, లేకపోతే పురుగు పడుతుంది. బియ్యంలో వేసినట్టు ఎండిన వేపాకు నాలుగు వేయండి. పచ్చిది వేస్తే దాని తడే చాలు, బూజు రావడానికి.

ఏడాదికోసారి

సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడే పెట్టెలన్నీ ఒకసారి తెరవండి. జనవరిలో వానలు పెద్దగా ఉండవు, పిల్లలు ఇంట్లో ఉంటారు, ఇంతకన్నా మంచి రోజులు దొరకవు. పెట్టెకో పది నిమిషాలు చాలు. లెక్క సరిచూడండి, చిరిగిన కవర్లు మార్చండి, ఎలాస్టిక్ వదులైతే మళ్ళీ కుట్టించండి. ఏ ఆటవో తెలియని ముక్కలు దొరికితే పారేయకుండా ఒక చిన్న డబ్బాలో వేసి, "ఎక్కడివో" అని రాసి అలమరలోనే పెట్టండి. మూతల లోపలి కాగితాల మీద "లేదు" అని రాసినవన్నీ ఆ డబ్బాతో పోల్చి చూడండి.

మొన్న సంక్రాంతికి సోఫా జరిపితే దుమ్ములో ఎర్రగా ఏదో కనబడింది. మా మేనకోడలు దాన్ని గౌనుకి తుడిచి, కాటాన్ పెట్టె తీసి, ఎర్ర కవర్లో వేసి, మూత లోపల తను రాసిన పెన్సిల్ గీతని రబ్బరుతో చెరిపేసింది.